క్లౌడ్‌లో స్లర్మ్ క్లస్టర్: ముందుగా సరిచూడవలసిన ఒక అంకె

లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పుట్టిన ఓపెన్ సోర్స్ జాబ్ షెడ్యూలర్ (పనులను కంప్యూటర్లకు పంచే ప్రోగ్రామ్) స్లర్మ్‌ను క్లౌడ్‌లో నడిపేవారు, పని వచ్చినప్పుడే నోడ్‌లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) లేచేలా, పని లేనప్పుడు ఆగిపోయేలా ఏర్పాటు చేసుకుంటారు. ఈ ఏర్పాటులో ‘రెజ్యూమ్ టైమౌట్’ అనే విలువను, అంటే నోడ్ లేచి సిద్ధం కావడానికి స్లర్మ్ ఇచ్చే గడువును, తప్పకుండా మార్చండి.

దాని డిఫాల్ట్ విలువ 60 సెకన్లు. సొంత గదిలోని యంత్రాన్ని నిద్ర లేపడానికి అది సరిపోవచ్చు కానీ, క్లౌడ్‌లో కొత్త వర్చువల్ మెషీన్ పుట్టి, బూట్ అయి, ఉమ్మడి ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేసుకుని, అందులో నేపథ్యంలో నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్ (డీమన్), క్లస్టర్‌ను నడిపించే కంట్రోలర్‌కు స్పందించేసరికి తరచుగా కొన్ని నిమిషాలు పడుతుంది. గడువు దాటితే స్లర్మ్ ఆ నోడ్‌ను ‘డౌన్’గా గుర్తించి, జాబ్‌ను మళ్ళీ క్యూలోకి పంపుతుంది. యంత్రం మాత్రం నడుస్తూనే ఉండి, బిల్లు పెరుగుతూనే ఉండవచ్చు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందువల్ల ముందు ఒకే నోడ్‌పై చిన్న జాబ్ పంపి, అది సిద్ధం కావడానికి పట్టిన సమయాన్ని రెండు మూడుసార్లు కొలవండి. అందులో ఎక్కువైనదానికి కనీసం రెట్టింపు గడువు ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ‘సస్పెండ్ టైమ్’ (ఖాళీగా ఉన్న నోడ్‌ను ఎంతసేపటి తర్వాత ఆపాలో చెప్పే విలువ) అనేది రెజ్యూమ్ టైమౌట్, ‘సస్పెండ్ టైమౌట్’ (నోడ్ ఆగడానికి ఇచ్చే గడువు) రెండింటి మొత్తానికి తగ్గకుండా చూసుకుంటే, అప్పుడే లేచిన నోడ్‌లు వెంటనే ఆగిపోయి మళ్ళీ లేచే వృథా ప్రయాస తగ్గుతుంది.

నోడ్‌ల పరిస్థితి తెలుసుకోవడానికి వాడే స్లర్మ్ ఆదేశం ఎస్‌ఇన్ఫో (sinfo) చూపే స్థితి పక్కన ‘~’ ఉంటే నోడ్ ఆగి ఉన్నట్టు, ‘#’ ఉంటే లేస్తున్నట్టు.