అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీలో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ: హాల్ మార్చమని అడగకండి

వీసా, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు సంగతులు మీరు ఎలాగూ చూసుకుంటారు. నేను చెప్పేది హాల్ గురించి, అంటే మీరు ఉండబోయే హాస్టల్ గురించి. మొన్న గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు వారం తిరక్కుండానే "అన్నా, మా హాల్లో తెలుగువాళ్లు లేరు, వేరేదానికి మారాలంటే ఎవర్ని అడగాలి?" అన్నాడు. ఎవర్నీ అడగొద్దు. ముందు ఆదివారం మీ హాల్ జట్టు ఆట చూడ్డానికి గ్రౌండుకెళ్లి నిలబడు.

ఇక్కడ ఫ్రెటర్నిటీలు (అమెరికా కాలేజీల్లో అబ్బాయిల సంఘాలు) లేవు, ఉన్నదల్లా హాలే. మన దగ్గర "మీదే ఊరు?" అన్నట్టు ఇక్కడ "ఏ హాల్?" అంటారు. డిలన్ హాల్ వాళ్ల ముద్దుపేరు బిగ్ రెడ్, కీనన్ వాళ్లు నైట్స్, పాస్‌క్వెరిల్లా వెస్ట్ అమ్మాయిలు పర్పుల్ వీజల్స్. ఈ పిచ్చంతా హాళ్ల మధ్య జరిగే ఫుట్‌బాల్‌లో బయటపడుతుంది. ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, కాలితో ఆడేది కాదని వేరే చెప్పాలా? నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి అవతలివాళ్లది. చూడ్డానికి అంత తెలిస్తే చాలు.

అబ్బాయిలు దశాబ్దాల పాటు హెల్మెట్లు, ప్యాడ్లు కట్టుకుని నిజంగానే ఢీకొట్టుకున్నారు. అమ్మాయిలది ఫ్లాగ్ ఫుట్‌బాల్, నడుముకున్న పట్టీ లాగేస్తే ఆట ఆగినట్టే. ఫైనల్‌ను 1930లో కట్టిన పెద్ద స్టేడియంలోనే ఆడించడం ఆనవాయితీ. 77 వేల మంది పట్టేచోట రెండు హాళ్ల జనం గొంతు చించుకుంటుంటే ఆ సందడి చూసి తీరాల్సిందే.

నూట్ రాక్నీ పేరు వినే ఉంటారు. నార్వేలో పుట్టి, చికాగోలో పెరిగి, పోస్టాఫీసులో పనిచేసి, 1910లో 22 ఏళ్లకు ఇక్కడ చేరాడు. మొదట్లో ఆడింది బ్రౌన్సన్ హాల్ జట్టుకే. 1918లో యూనివర్సిటీ జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. ఆయనా వేరే దేశంలో పుట్టినవాడే, కాస్త గుర్తుపెట్టుకోండి.

శనివారం స్టేడియంలో యూనివర్సిటీ జట్టుకు ఆడేవాళ్లు టీవీలో కనిపించే స్టార్లు. ఆదివారం ఆడేది పొద్దున నీ పక్క సింకు దగ్గర పళ్లు తోముకున్నవాడు. వాడి షూకి అంటిన బురద సాయంత్రం మీ కారిడార్ అంతా ఉంటుంది. అరిచేటప్పుడు వాడి పేరు రాకపోతే పక్కవాడిని అడుగు, చెప్తాడు. పరిచయం అక్కడే మొదలు. దీనికి కూడా "హోంవర్క్ ఉందన్నా" అంటే నాకు చిరాకు. నా మొదటి సెమిస్టర్‌లో ఆదివారాలు మహా దిగులుగా గడిచాయి. రూములో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తే ఆ దిగులు పోదు, అమ్మకి టెన్షన్ పెరుగుతుంది అంతే.

ఒక్క జాగ్రత్త: మందపాటి సాక్సులు రెండు జతలు వేసుకోండి. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి పాదాల నుంచే పట్టుకుంటుంది. మంచి కోటు కొన్నవాళ్లు కూడా పల్చటి సాక్సుల్లో వచ్చి హాఫ్‌టైముకే పారిపోతారు. కాటన్‌వి వద్దు, ఉన్నివి కొనండి. నవంబర్ దాకా ఆగొద్దు. మళ్లీ చెప్తున్నా, ఉన్నివి.

సరే, ఆట రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. అక్టోబర్ సెలవులయ్యాక కూడా మారాలనే ఉంటే హాల్ బాధ్యత చూసే రెక్టర్ తలుపు తట్టండి. హాల్లోనే ఉంటారు, వింటారు.