భయం మీద కార్టూన్ గీయడం ఎలా?

రాజకీయ కార్టూన్ అనగానే చాలామంది నాయకుడి ముక్కు సాగదీయడంతో మొదలుపెడతారు. విషయం భయమైతే అది సరిపోదు. భయం కనిపించేది నాయకుడి ముఖంలో కాదు, ఆయన ముందు నిలబడ్డవాళ్ల మెడల్లో, భుజాల్లో. గీయాల్సింది వాళ్లని.

1. ముందు ఒక మంచి బొమ్మను తీరిగ్గా చూడండి

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, పత్రికల మీద సెన్సార్ పెట్టారు. ఆ డిసెంబర్ 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం కార్టూన్ ఒకటి వచ్చింది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలో ఉన్నారు. అక్కడినుంచే చెయ్యి చాచి సంతకం పెట్టిన కాగితం అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమని చెప్పమంటున్నారు. ఇందిరాగాంధీ ఆ బొమ్మలో ఎక్కడా లేరు. అయినా కాగితం ఎవరు పంపారో చూసినవాళ్లందరికీ తెలుసు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికి ఒళ్లు తుడుచుకునే వ్యవధి కూడా ఇవ్వలేదన్న ఆ ఒక్క వివరమే మొత్తం చెప్పేసింది. ఈ విషయంలో ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

2. కళ్లారా చూసిన లొంగుబాటును ఎంచుకోండి

"ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉంది" అన్నది బొమ్మకు పనికొచ్చే విషయం కాదు. మన ఊళ్లలో రోజూ కనిపించేది తీసుకుందాం. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక కిరాణా కొట్టు బోర్డును పూర్తిగా కప్పేసింది. తీయమని అడగడానికి ఓనరుకు ధైర్యం లేదు. "చాలా బాగుందన్నా" అంటున్నాడు.

3. ఒంటిని గీయండి

ముఖం తర్వాత. ముందు పెన్సిల్‌తో వెన్నెముక గీత ఒక్కటే పెట్టండి. అది కొద్దిగా ముందుకు వంగాలి. భుజాలు చెవుల దగ్గరికి లేవాలి. నోరు నవ్వుతుండాలి, కళ్లు మాత్రం పక్కకి, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు చూడాలి. నవ్వుకీ కళ్లకీ పొత్తు కుదరకపోతేనే టెన్షన్ తెలుస్తుంది. ఇక్కడ తొందరపడొద్దు, ఎన్నిసార్లయినా చెరిపి గీయండి.

కొట్టు ఓనరును పిరికివాడిగా వెక్కిరించకండి. అతనికి పిల్లలున్నారు, రేపు కొట్టు తెరవాలి. వ్యంగ్యం తగలాల్సింది అతన్ని అలా నిలబెట్టినవాళ్లకి.

4. నాయకుణ్ని దాచండి

ఫ్లెక్సీలో చెప్పులూ పంచె అంచూ మాత్రమే కనిపించేలా ఫ్రేమును కత్తిరించండి. పేరు రాయొద్దు. చూసేవాళ్లు ఎవరి ఊరి నాయకుణ్ని వాళ్లే పోల్చుకుంటారు.

5. ఇంకు, క్యాప్షన్

ఫోన్‌లో చూసే బొమ్మ కాబట్టి గీత లావుగా ఉండాలి. నలుపు ఒకచోటే ఎక్కువ వాడండి, కొట్టు మీద పడ్డ ఫ్లెక్సీ నీడ చాలు. క్యాప్షన్ రాశాక దాన్ని చేత్తో మూసి చూడండి. బొమ్మ అప్పటికే అర్థమవుతుంటే క్యాప్షన్ తీసేయండి.

6. బయటపెట్టే ముందు

కులం, మతం, ఒంటి రంగు, వైకల్యం మీద జోకు ఉంటే మళ్లీ గీయండి. ఆన్‌లైన్ రాతలకు, బొమ్మలకు అరెస్టులు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. వేరే సెక్షన్ల కింద కేసులు పెట్టే వీలు ఇప్పటికీ ఉంది. అందుకే బొమ్మకు ఆధారమైన వార్తో ఫొటోనో తేదీతో సహా దాచుకోండి, తెలిసిన లాయరు నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత మీ సంతకం స్పష్టంగా పెట్టి పంపండి.