బీమ్‌టైమ్‌కు ముందు: పలుచని పొరల జీఐవాక్స్‌లో జాగ్రత్తలు

జీఐవాక్స్ అంటే పలుచని పొర మీదికి ఎక్స్-రే బీమ్‌ను చాలా వాలుగా పంపి, చెదిరిన కిరణాల నుంచి లోపలి స్ఫటికాల అమరికను చూసే పద్ధతి. దీనికి సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్-రేలిచ్చే భారీ యంత్రం) సమయం, అంటే బీమ్‌టైమ్, కావాలి. ఇండోర్‌లోని ఇండస్-2లో గానీ, విదేశీ సింక్రోట్రాన్‌లో గానీ దొరికేవి కొద్ది షిఫ్టులే. వాటిలో ఎక్కువ భాగాన్ని మింగేసేవి శాంపిల్ సైజు, అలైన్‌మెంట్ (శాంపిల్‌ను బీమ్‌కు సరిగ్గా అమర్చడం).

శాంపిల్ పెద్దదైతే మంచిదనుకోకండి. 0.1 మి.మీ. ఎత్తున్న బీమ్ 0.2° కోణంలో తాకితే ఉపరితలం మీద దాదాపు 29 మి.మీ. పొడవునా పరుచుకుంటుంది. డిటెక్టర్ 200 మి.మీ. దూరంలో ఉంటే, 15 మి.మీ. ముక్క నుంచి 20° దగ్గర వచ్చే పీక్ (స్ఫటికాల నుంచి వచ్చే తీవ్రమైన సిగ్నల్) 5.5 మి.మీ. మేర అలుక్కుపోతుంది. అంటే 0.172 మి.మీ. పిక్సెళ్లు ముప్ఫైకి పైగా! ఆ వెడల్పుతో స్ఫటికాల సైజు లెక్కిస్తే తప్పే వస్తుంది. బీమ్ దిశలో 5 మి.మీ. ముక్క చాలు; సిగ్నల్ తగ్గినా పీక్ సన్నగా ఉంటుంది. స్పిన్ కోటింగ్‌లో (ముక్కను వేగంగా తిప్పుతూ పొర వేయడం) అంచులు మందంగా వస్తాయి కాబట్టి మధ్య భాగమే తీసుకోండి. సిలికాన్ ముక్కను విరిచాక నైట్రోజన్‌తో ఊదండి, సిలికాన్ పొడి మిగిలితే ఇమేజ్‌లో చుక్కలు కనిపిస్తాయి.

పరిశోధన పేపర్లలోని బీమ్ కోణాన్ని ఎక్స్-రే ఎనర్జీ చూడకుండా వాడటం తరచూ జరిగే పొరపాటు. 8 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్) దగ్గర సిలికాన్ క్రిటికల్ కోణం (ఇంతకన్నా తక్కువైతే బీమ్ లోపలికి దిగకుండా ప్రతిఫలిస్తుంది) 0.22°, పాలిమర్లది సుమారు 0.16°. ఈ రెండింటి మధ్య 0.18–0.20° పెడితే పొర మొత్తం కనిపిస్తుంది, సబ్‌స్ట్రేట్ (పొర కింది సిలికాన్) గోల తగ్గుతుంది. 16 కేఈవీకి వెళ్తే ఆ విలువలన్నీ సగమవుతాయి. సీసం ఉన్న పెరోవ్‌స్కైట్‌కు (సోలార్ సెల్స్‌లో వాడే స్ఫటిక పదార్థం) క్రిటికల్ కోణం సిలికాన్ కన్నా ఎక్కువ. అక్కడ 0.2° పెడితే పై కొన్ని నానోమీటర్లే కనిపిస్తాయి.

అలైన్‌మెంట్‌కు ముందు బీమ్ తీవ్రతను తగ్గించే అటెన్యుయేటర్‌ను బీమ్ దారిలోకి దింపండి. ఎత్తు స్కాన్ చేసి తీవ్రత సగానికి పడేచోట ఆగండి, వంపు సరిచేయండి, మళ్లీ ఎత్తు చూడండి. ఇలా రెండు మూడు సార్లు చేయాల్సిందే. ప్రతిఫలించిన చుక్కను చూసి కోణం సరిపోయిందని నమ్మొద్దు: 200 మి.మీ. దూరంలో 0.01° తప్పు అర పిక్సెల్ కూడా కదలదు. రాకింగ్ స్కానే (శాంపిల్ కోణాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తీవ్రత చూడటం) నమ్మదగింది. రెండు వైపులా అంటుకునే టేపు శాంపిల్ ముక్కను వంచుతుంది, వీలైతే వాక్యూమ్ చక్ (గాలి లాగి ముక్కను పట్టి ఉంచే పీఠం) వాడండి.

బీమ్ పాలిమర్‌నూ పెరోవ్‌స్కైట్‌నూ కాల్చేస్తుంది. మిగులు ముక్క మీద ఒకేచోట 1 సెకను షాట్లు పది తీసి, పీక్ ఎక్కడ తగ్గుతుందో గమనించి, అందులో సగానికి మించి ఎక్స్‌పోజర్ ఇవ్వకండి. ప్రతి కోణానికీ శాంపిల్‌ను పక్కకు జరపండి. హీలియం లేదా వాక్యూమ్ ఉంటే గాలి చెదరింపుతో పాటు ఓజోన్ దెబ్బా తగ్గుతుంది. వర్షాకాలంలో పెరోవ్‌స్కైట్ ముక్కలను సిలికా జెల్‌తో, నైట్రోజన్ నింపి సీల్ చేసే తీసుకెళ్లండి.

పొర లేని సబ్‌స్ట్రేట్‌ను అదే కోణంలో, అంతే సమయం తీయడం మరిచిపోకండి. పీక్ స్థానాలు ముందే తెలిసిన లాంథనమ్ హెక్సాబోరైడ్ పొడితో డిటెక్టర్‌కు క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు అది శాంపిల్ మధ్య బిందువు దగ్గరే ఉండాలి. డిటెక్టర్ మాడ్యూళ్ల (భాగాల) మధ్య ఖాళీలు పూడ్చడానికి డిటెక్టర్‌ను కాస్త జరిపి రెండో ఇమేజ్ తీయండి. ఎనర్జీ, కోణం, సమయం ఫైల్ పేరులోనే రాయండి.