నాలుగో ముద్దకే నురగ: బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తిండి తిప్పలు

నాకు స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే ఆపరేషన్) చేసి మూడేళ్లయింది. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, ఆపరేషన్ అయింది విజయవాడలో. అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరు ఈ ఆపరేషన్ చేయించుకున్నా ఫోన్ నాకే వస్తుంది, అదీ రాత్రి పదింటికి: "వదినా, రెండు ముద్దలు తిన్నా, గుండెల మీద రాయి పెట్టినట్టుంది, ఏం చెయ్యను?" చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇలా రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాను, మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో వేరే మాట ఉంటే అదే ఫైనల్.

ముందు ఒక సంగతి. స్లీవ్‌లో పొట్టలో 75-80 శాతం తీసేస్తారు, మిగిలేది అరటికాయలాంటి సన్నని గొట్టం. ఇంకో రకం బైపాస్ (గుండెది కాదు), అందులో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి కలుపుతారు. ఆ సంచి దాదాపు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద స్పూన్లు. మన భోజనమేమో అన్నం చుట్టూ అల్లుకున్నది. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చివర్లో మజ్జిగ, అన్నీ అన్నాన్ని లోపలికి పంపడానికే. కింద రాసిన తిప్పల్లో సగం ఈ అలవాటులోంచే వచ్చాయి.

"ఆపరేషన్ ఇంకా కాలేదు, ముందు డైట్‌కే తల పగిలిపోతోంది"

చాలాచోట్ల రెండు వారాల ముందు నుంచి రోజుకి 800-1000 కేలరీల డైట్ పెడతారు. మనల్ని మాడ్చడానికి కాదులెండి. కొవ్వు పట్టిన లివర్ ఎడమ భాగం పొట్ట మీద వాలి ఉంటుంది, అది కాస్త కుంచించుకుంటేనే చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేసే సర్జన్‌కి పొట్ట సరిగ్గా అందుతుంది. అన్నం, చక్కెర ఒక్కసారిగా తగ్గేసరికి లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) ఖర్చవుతుంది, దాంతో పాటే ఒంట్లోంచి నీళ్లూ ఉప్పూ పోతాయి, ఆ తలనొప్పీ నీరసమూ అందుకే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చారు తాగుతుంటే నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది (బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు సంగతి అడిగి). కాఫీ ఒక్క పూటలో మానేస్తే ఆ తలనొప్పి వేరే, దాన్ని వారం ముందు నుంచే తగ్గించుకుంటూ రండి.

షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. తిండి సగానికి సగం తగ్గించి మాత్రలు, ఇన్సులిన్ పాత డోసే వేసుకుంటే పదకొండింటికల్లా చెమటలు, చేతుల వణుకు. మీటర్లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. అసలు డైట్ మొదలెట్టే రోజే డోసు మార్పించుకోవాలి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వాడుతుంటే అది తప్పకుండా చెప్పండి, వాటిని ఆపరేషన్‌కి 3-4 రోజుల ముందే ఆపిస్తారు. అవి వేసుకుంటూ పస్తులుంటే, షుగర్ మామూలుగానే కనిపిస్తూ ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకునే ప్రమాదం ఉంది.

ఇక వీడ్కోలు విందులు. ఆపరేషన్ ఇంకో మూడు రోజులుందనగా మా అత్తయ్య గోంగూర మాంసం చేసి "మళ్లీ ఎప్పుడు తింటావో ఏమో, ఒక్క ముద్ద తినమ్మా" అంది. ఒక్క ముద్దతో ఆగలేదు నేను. లివర్ మళ్లీ ఉబ్బితే ఆపరేషన్ కష్టమవుతుందని తర్వాత తిట్లు కూడా తిన్నాను. అసలా బెంగే అనవసరం, గోంగూర మాంసం ఇప్పుడూ తింటున్నా, నాలుగు స్పూన్లు.

"ఇంటికొచ్చి మూడు రోజులు, మంచినీళ్లు కూడా దిగట్లేదు"

లోపల కుట్ల దగ్గర వాపుంటుంది, మనమేమో గ్లాసెత్తి గటగటా తాగే అలవాటున్నవాళ్లం. నాకు పనికొచ్చింది మా అమ్మ అటక మీంచి దింపిన ఉగ్గుగిన్నె. ముక్కున్న ఆ చిన్న వెండి గిన్నెలో కొలిస్తే సరిగ్గా 30 మిల్లీలీటర్లు పట్టింది. పావుగంటకో గిన్నె చొప్పున పన్నెండు గంటలు చప్పరిస్తే దాదాపు లీటరున్నర అయిపోతుంది, అదే ఆ రోజుకి లెక్క. గోరువెచ్చటి నీళ్లు, మజ్జిగ తేట, పెసరకట్టు. స్ట్రా వద్దు, లోపలికి గాలి పోతుంది. రోజంతా ఒక్క చుక్కా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులోకి వచ్చి తగ్గిపోయినా సెలైన్ ఎక్కించుకోవాల్సిందే.

జ్వరం, గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, పొట్టలో తగ్గని నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం: మొదటి వారాల్లో వీటిలో ఏది కనిపించినా వాము నీళ్లూ కషాయమూ అంటూ కూర్చోవద్దు, కుట్ల దగ్గర లీక్ కావచ్చు. అర్ధరాత్రయినా బయల్దేరండి, అదీ వీలైతే ఆపరేషన్ చేసిన చోటికే.

"మెత్తటి అన్నమే తిన్నా, ఇరుక్కుపోయింది, నోట్లోంచి నురగ"

ఎక్కువ ఫోన్లు దీని గురించే. వరస మీకు తెలిసిందే: మొదట తేట ద్రవాలు, రెండు వారాల దాకా పాలు, మజ్జిగ, ప్రోటీన్ పొడి, ఆ తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, తర్వాత స్పూన్‌తో నలిగేవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు తిండి. అచ్చం చంటిపిల్లకి పెట్టినట్టే. తప్పు జరిగేది ఎక్కడంటే ఆరో వారంలో, ఒంట్లో బాగానే ఉందనిపించినప్పుడు.

నేను మంగళగిరిలో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. బంతిలో కూర్చున్నా, పక్కనావిడ కబుర్లు చెబుతుంటే ముద్దపప్పు అన్నం నాలుగు ముద్దలు, అవీ పాత సైజు ముద్దలే, పెట్టేశాను. ముందు ఎక్కిళ్లు, ముక్కులోంచి నీళ్లు, తర్వాత రొమ్ము ఎముక వెనకాల పట్టేసినట్టు నొప్పి. దిగుతుందేమోనని నీళ్లు తాగాను, అదే పెద్ద తప్పు, దారి మూసుకున్న చోట నీళ్లెటు పోతాయి? పది నిమిషాలు పెరట్లో పంపు దగ్గర నిలబడి తెల్లటి నురగ కక్కాను.

ఆ నురగ మన లాలాజలమే, దిగే దారి లేక తిరిగొస్తుంది. ముద్ద కట్టే అన్నం, పిండి సాగే చపాతీ, బ్రెడ్, పీచు చికెన్ ఎక్కువగా ఇరుక్కుంటాయి. అలా అయితే తినడం ఆపేసి లేచి మెల్లగా నడవండి, నీళ్లు తాగొద్దు. ఆ పూటకి తిండి చాలు, తర్వాతి పూట మళ్లీ ద్రవాల నుంచే. మళ్లీ రాకుండా ఉండాలంటే పిల్లల స్పూన్ వాడండి, 20-25 సార్లు నమలండి, భోజనానికి ఇరవై నిమిషాలు పట్టనివ్వండి, తింటూ నీళ్లొద్దు, తిన్నాక అరగంట ఆగాకే. ఎక్కిళ్లో, ఒక్క తుమ్మో, ముక్కు కారడమో వచ్చిందంటే పొట్ట నిండిందని గుర్తు, ప్లేట్లో ఏముందో చూడకుండా లేచిపోండి. చికెన్ కన్నా కొరమీను పులుసులో ముక్క హాయిగా దిగుతుంది.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే కథ వేరు. మిగిల్చిన పొట్ట ఎక్కడైనా సన్నబడి దారి మూసుకుంటోందేమో ఎండోస్కోపీతో చూస్తారు. ఈలోపు కాళ్లు తిమ్మిర్లు, నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం మొదలైతే అది బి1 విటమిన్, అంటే థయమిన్ తగ్గిన లక్షణం, ఒక్క రోజు కూడా ఆగకూడదు. పాలిష్ బియ్యం తినే మన సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి బాగా ఉండేది, ఇదీ దానికి చుట్టమే. వెళ్లగానే "వాంతులు ఇన్ని రోజులుగా" అని మీరే చెప్పండి, గ్లూకోజ్ సెలైన్ కన్నా ముందే థయమిన్ ఎక్కించాలి.

"సున్నుండ తిన్న అరగంటకి గుండె దడ, చెమట, విరేచనం"

డంపింగ్ అంటారు, బైపాస్ వాళ్లకి ఎక్కువ. తీపి గబుక్కున పేగులోకి జారిపోయి, చుట్టుపక్కల నీళ్లని లాక్కుంటుంది. పడుకుంటే అరగంట, గంటలో తగ్గుతుంది. ఇంకో రకం తిన్న ఒకటి నుంచి మూడు గంటలకి వస్తుంది, అప్పుడు ఇన్సులిన్ ఎక్కువైపోయి షుగర్ పడిపోతుంది. వీలైతే మీటర్‌తో చూసి రాసుకుని డాక్టర్‌కి చూపించండి. చెరుకురసం, అరిసెలు, ఖాళీ కడుపున ప్రసాదం లడ్డూ, ఇవే దొంగలు. గోలీసోడా కూడా వద్దు, దాని గ్యాస్‌కి పొట్ట బిగిసిపోతుంది.

"నాలుగో నెల, దువ్వెన నిండా జుట్టు"

మూడు నుంచి ఆరు నెలల మధ్య కొంత రాలడం మామూలే, ఒక్కసారిగా బరువు తగ్గిన షాక్‌కి. కానీ "రోజూ రెండు గ్లాసుల రాగిజావ తాగుతున్నా, ఇంకేం బలం కావాలి?" అనే వాళ్లకి ఒక లెక్క. 100 గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ 7 గ్రాములు, గ్లాసు జావకి పడేది 20 గ్రాముల పిండి, అంటే గ్లాసుకి గ్రామున్నర కూడా రాదు. పప్పుకట్టు సంగతీ అంతే. మనకి కావలసింది రోజుకి 60-80 గ్రాములు. రెండు గుడ్లు 12, వండిన చేపో చికెనో వంద గ్రాములకి 22-25, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లకి 13, ప్రోటీన్ పొడి ఒక స్కూపుకి 20 పైన. శాకాహారులకి పనీరు, మీల్‌మేకర్, పెసరట్టు (నూనె ఓడకుండా). ప్లేట్లో ముందు ముక్క, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. మా అత్తయ్యకి ఇది మింగుడు పడటానికి ఏడాది పట్టింది, "అన్నం లేకుండా ఉత్త కూర తింటావేంటమ్మా" అని రోజూ అడిగేది.

రాలడం ఆరు నెలలు దాటినా ఆగకపోతే ఐరన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, డి విటమిన్, జింక్ పరీక్షలు చేయించుకోవాలి. ఐరన్ మాత్రా కాల్షియం మాత్రా కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, మధ్యలో రెండు గంటలుండాలి. టీతో అసలే వేసుకోవద్దు.

మలబద్ధకం

నీళ్లు తక్కువ, ఐరన్ మాత్ర ఎక్కువ. ముందు నీళ్లు పెంచండి. మన ఎండల్లో ఇది మరీ ముఖ్యం. నేను విజయవాడ బస్టాండ్‌లో సీసా మూత తీస్తే కాజ టోల్‌గేట్ వచ్చేసరికి సగం ఖాళీ అవ్వాలని లెక్క పెట్టుకున్నా. అప్పటికీ కాకపోతే విరేచనం మందు డాక్టర్ని అడగండి.

"మూడో వారమే కాటా ఆగిపోయింది" / "రెండేళ్లకి మళ్లీ ఎక్కుతోంది"

మొదటిది వదిలెయ్యండి. మొదట్లో పోయిన దాంట్లో నీళ్ల బరువు కూడా ఉంటుంది, ఒంట్లో నీళ్లు సర్దుకునే దాకా కాటా కదలదు. వారానికోసారే ఎక్కండి.

రెండోది వెతకాల్సిన దొంగ. పొట్ట పట్టేది ఇడ్లీ ముక్కే అయినా జంతికలు, కారప్పూస, మిక్చరు, పునుగులు నమిలితే మెత్తటి గుజ్జయి జారిపోతాయి, ఎంత తిన్నా నిండినట్టుండదు. మా తమ్ముడు కౌంటర్ దగ్గర కూర్చుని రోజంతా గుప్పెడు గుప్పెడు బూందీ తినేవాడు, "భోజనం అరకప్పే అక్కా, అన్యాయం" అని గోల. మూడు రోజులు నోట్లో పడిందల్లా ఫోన్లో ఫోటో తియ్యమన్నాను. రెండో రోజు మధ్యాహ్నానికే బూందీ డబ్బా ఫోటోలు పదకొండొచ్చాయి.