చలిదేశంలో పైపులు, వాటర్ హీటరు: బెజవాడ, గుంటూరు నుంచి వెళ్లేవాళ్లకి

బెజవాడలో ఊరెళ్తూ లైట్లు, ఫ్యాన్లు, గీజరు అన్నీ కట్టేసి తాళం వేయడం మంచి అలవాటే. చికాగోలోనో టొరంటోలోనో జనవరిలో అదే పొదుపుతో ఇంటి హీటింగ్ కట్టేస్తే గోడలోపలి పైపులు చీలతాయి. సంక్రాంతికి గుంటూరు వచ్చే మూడు వారాలూ కూడా థర్మోస్టాట్ (ఇంట్లో వేడి ఎంతుండాలో పెట్టే మీట) 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 13 సెల్సియస్) కంటే కిందికి దించకండి. వీలైతే మెయిన్ వాల్వు కట్టేసి, పై అంతస్తులో ఒక పంపు, అన్నిటికంటే కింద ఒక పంపు తెరిచి లైన్లో నీళ్లు వదిలేయండి. ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు గానీ వేణ్నీళ్లతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు గానీ ఉంటే మాత్రం ఓనర్ని అడక్కుండా వాల్వు ముట్టుకోవద్దు.

ఆ మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో దిగిన రోజే చూసుకోండి. మన దగ్గర పైపు పగిలితే డాబా మీద ట్యాంకు ఖాళీ అయ్యాకైనా నీళ్లు ఆగుతాయి. అక్కడ వీధి లైను నుంచే ప్రెషరుతో వస్తాయి, ఎవరో ఒకరు కట్టేదాకా ఆగవు. సాధారణంగా వాల్వు బేస్‌మెంట్‌లో వీధివైపు గోడకి, మీటరు పక్కన ఉంటుంది. పొడుగు పిడి ఉంటే పావు తిప్పండి, పిడి పైపుకి అడ్డంగా వస్తే కట్టినట్టే.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు చాలాసార్లు చీలేది మంచు ఉన్నచోట కాదు. గడ్డకీ మూసిన పంపుకీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడి పెరిగి అక్కడ చీలుతుంది. రాత్రంతా పంపు సన్నగా కారనివ్వమనేది ఈ ఒత్తిడి పోవడానికే. బయట 20 ఫారెన్‌హీట్ (మైనస్ 7) దాకా పడిపోతుందంటే బయటి గోడకి ఆనుకున్న సింకుల్లో వేణ్నీళ్లు, చన్నీళ్లు రెండూ కారనిచ్చి, కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచండి. గార్డెన్ పైపు చలి మొదలుకాక ముందే ఊడదీయాలి.

తెల్లారి పంపు తిప్పితే నీళ్లు రాలేదా? పంపు తెరిచే ఉంచి, హెయిర్ డ్రయ్యరుతో పంపు దగ్గర మొదలుపెట్టి గడ్డవైపు వెళ్లండి. కరిగిన నీళ్లకి బయటికి దారి ఉండాలి కదా. మంట పెట్టొద్దు, నీళ్లలో నిలబడి డ్రయ్యరు పట్టుకోవద్దు. చీలిన పైపు మంచు ఉన్నంతసేపూ కారదు, కరిగాకే బయటపడుతుంది. అందుకని ఆ కాసేపూ ఒక మనిషి వాల్వు దగ్గర ఉంటే మంచిది. అపార్ట్‌మెంట్ అయితే ఈ తిప్పలన్నీ మీకెందుకు, అర్ధరాత్రయినా మొహమాటపడకుండా ఎమర్జెన్సీ మెయింటెనెన్స్‌కి ఫోన్ చేయండి.

ఇక వాటర్ హీటరు. మన గీజరు 15, 25 లీటర్లు. అక్కడ ట్యాంకు 40, 50 గ్యాలన్లు, అంటే 150 నుంచి 190 లీటర్లు. స్నానానికి ముందు వేసి తర్వాత కట్టేసేది కాదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. 120 ఫారెన్‌హీట్ (49 సెల్సియస్) దగ్గర పెడితే చాలు. చలికాలంలో వేణ్నీళ్లు త్వరగా అయిపోతున్నాయంటే పాడైందని కాదు, లైన్లో వచ్చే నీళ్లే మంచుగా ఉంటాయి.

ఎలక్ట్రిక్ హీటరులో వేణ్నీళ్లు అసలే రాకపోతే ముందు బ్రేకరు చూడండి. పడిపోకపోతే దాన్ని కట్టేసి (లోపల 240 వోల్టులు), పై మూత తీసి ఎర్ర రీసెట్ బటన్ నొక్కి, మూత పెట్టాకే మళ్లీ వేయండి. మళ్లీ పడితే ప్లంబరే దిక్కు. కాసేపు వేడిగా వచ్చి వెంటనే చల్లబడితే ఎక్కువసార్లు కింది ఎలిమెంటు పోయినట్టు. పాత గ్యాసు హీటరులో పైలట్ మంట (బర్నరుని అంటించే చిన్న మంట) వెలిగించి, నాబ్ ఓ నిమిషం నొక్కి పట్టుకుని వదిలినా ఆరిపోతోందంటే అనుమానం థర్మోకపుల్ మీద, అంటే ఆ మంట ఉందో లేదో పసిగట్టే కడ్డీ మీద. గ్యాసు వాసనొస్తే స్విచ్ కూడా వేయకుండా బయటికొచ్చి, అక్కణ్నుంచి ఫోన్ చేయండి.

ట్యాంకులో టపటపమని చప్పుడా? గుంటూరు బోరు నీళ్లకి గీజరులో పట్టే ఉప్పులాంటిదే అడుగున పేరుకుంది, ఏడాదికోసారి కింది వాల్వు నుంచి కడిగించాలి. పక్కనున్న గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయని మాత్రం బిరడా బిగించకండి. 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషరు దగ్గరో, 210 ఫారెన్‌హీట్ వేడి దగ్గరో తెరుచుకునే సేఫ్టీ వాల్వు గొట్టం అది. దాన్ని మూస్తే ట్యాంకే పేలిపోవచ్చు.