పాత స్పీడ్‌మాస్టర్ కొంటున్నారా? 90 దగ్గర చుక్క చూడండి

పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్ చేతి వాచీ కొనేటప్పుడు, వెనక మూత మీద చంద్రుడి ప్రస్తావన చెక్కి ఉందని పొంగిపోకండి. ఆ రాత మొదలైందే 1969లో అపోలో 11 వెళ్లొచ్చాక. ఆ యాత్రలో వ్యోమగాములు పెట్టుకున్నవి అంతకుముందు తయారైనవి, లోపల 321 అనే మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) ఉన్నవి. నాసా వాళ్లకిచ్చిన వాచీలు అమెరికా ప్రభుత్వ ఆస్తి. కాబట్టి "ఇది అంతరిక్షంలోకి వెళ్లొచ్చింది" అని ఎవరైనా అమ్మజూపితే కాగితాలు అడగాల్సిందే.

అసలు చూడాల్సింది బెజెల్, అంటే డయల్ చుట్టూ అంకెలున్న రింగు. భూతద్దం పెట్టి ఆ నల్ల రింగు మీద 90 అంకె వెతకండి. 1960ల నాటి వాటిలో చుక్క ఆ అంకెకు పైన ఉంటుంది, తర్వాతి వాటిలో పక్కకు జరిగింది. వాచీ 60ల నాటిదై ఉండి చుక్క పక్కనుంటే, సర్వీసులో బెజెల్ మార్చేసినట్టే. అంతమాత్రాన వాచీ నకిలీ అయిపోదు, బేరమాడటానికి మాత్రం మంచి సాకు.

చీకట్లో ముల్లులు కూడా చూడండి. చీకట్లో వెలగడానికి అప్పట్లో పూసిన ట్రిటియం ఈపాటికి దాదాపు ఆరిపోయి ఉండాలి. ఇంకా ధగధగా వెలుగుతోందంటే ఎవరో కొత్తగా పూశారు, లేదా ముల్లులే మార్చారు. మూత తీసి మూవ్‌మెంట్ మీది నంబర్ చూపించనివాళ్ల దగ్గర మాత్రం కొనకండి.