గూడెంలో బ్యాటరీ బ్యాకప్ తగ్గిందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

ములుగు జిల్లా తాడ్వాయి, ఏటూరునాగారం అడవి లోపలి గూడేలకు గాలివానలో లైన్ తెగితే కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అప్పటిదాకా వీధి దీపాలు, మంచినీళ్ల మోటారు, సబ్‌సెంటర్‌లో టీకాల ఫ్రిజ్ సోలార్ బ్యాటరీల మీదే నడవాలి. ఆ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండకపోతే పసిపిల్లల టీకాలు పాడవుతాయి. అందుకే బ్యాకప్ తగ్గగానే అందరికీ టెన్షన్, వెంటనే సెట్టు మొత్తం మార్చాలన్న మాట. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు.

సమస్య: సాయంత్రం ఫుల్ చూపిస్తుంది, రాత్రి పదికే ఆగిపోతుంది

పోయిన వేసవిలో ఒక గూడెంలో "బ్యాటరీలు ఖతమైనయ్ సార్" అన్నారు. లోడ్ (దీపాలు, మోటారు) నడుస్తుండగా వైర్ల తొడుగు మీద చెయ్యి పెట్టి చూశాను. మూడో బ్యాటరీ ప్లస్ దగ్గర వెచ్చగా తగిలింది. తొడుగు తీస్తే పచ్చటి తుప్పు, తెల్లటి పొడి.

మీరూ ముందు ఇదే చూడండి. లోడ్ వేసి, మీటర్‌ను డీసీ వోల్టుల్లో ఉంచి, ఒక కొన బ్యాటరీ పోస్టు మీద, రెండోది దానికి బిగించిన లగ్గు (వైరు చివరి లోహపు ముక్క) మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. 40 ఆంపియర్లు పోతున్నప్పుడు పావు వోల్టు చూపిస్తే ఆ ఒక్క జాయింటులోనే 10 వాట్లు వేడిగా పోతున్నట్టు. చెడ్డ జాయింటు రెండు వైపులా మోసం చేస్తుంది: చార్జింగ్‌లో కంట్రోలర్‌కు (ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) బ్యాటరీ నిండినట్టు, లోడ్‌లో ఇన్వర్టర్‌కు ఖాళీ అయినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: లోడ్ ఆపి, ముందు ప్యానెల్ వైపు, తర్వాత బ్యాటరీ వైపు విడదీయండి. కడియం, ఉంగరం తీసేయండి. మూతలు బిగించి ఉంచి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి, ఆరాక గట్టిగా బిగించి వాజిలిన్ రాయండి. కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత.

జాయింట్లు బాగుంటే అప్పుడు బ్యాటరీల సంగతి. 48 వోల్టుల సెట్టులో నాలుగు బ్యాటరీలు వరుసగా ఉంటాయి. లోడ్ మీద మూడు 12.2 దగ్గర నిలబడి ఒకటి 10.8కి జారితే దొరికినట్టే. దాని ఆరు సెల్స్‌నూ హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) చూడండి. అన్నీ సమానంగా తక్కువుంటే అది చార్జ్ చాలక, పూర్తిగా నింపి ఈక్వలైజ్ చేస్తే (కాస్త ఎక్కువ వోల్టేజీతో చార్జ్ చేసి సెల్స్ అన్నీ సమానం చేస్తే) చాలావరకు కోలుకుంటుంది. ఒక్క సెల్ మాత్రమే బాగా వెనకబడి, ఈక్వలైజ్ చేసినా లేవకపోతే ఆ బ్యాటరీ పోయింది. సెట్టు పాతదైతే అందులో ఒక్క కొత్తది కలపొద్దు, పాతవాటితో పాటు అదీ త్వరగా దెబ్బతింటుంది.

సమస్య: ఎండాకాలంలో బ్యాటరీ నీళ్లు ఊరికే తగ్గుతున్నాయి

రేకుల గది వేడే కారణం. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. గదికి పైన, కింద గాలి దారులు పెట్టండి, కంట్రోలర్ టెంపరేచర్ సెన్సార్ బ్యాటరీకి అంటుకొని ఉందో చూడండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు, యాసిడ్ పోయొద్దు. దసరాకు బ్యాటరీలకు బొట్టు పెట్టండి, అగరుబత్తి మాత్రం బయటే వెలిగించండి. చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ గ్యాస్‌కు నిప్పురవ్వ చాలు.

సమస్య: లిథియం ప్యాక్ ఒక్కసారిగా సున్నా చూపిస్తోంది

మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, దాంతో బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే లోపలి సర్క్యూట్) కట్ చేసి ఉంటుంది. లోడ్ తీసేసి చార్జింగ్ ఇస్తే సాధారణంగా తిరిగి వస్తుంది. మోటారుకు సాఫ్ట్ స్టార్టర్ (మోటారును మెల్లగా స్టార్ట్ చేసే పరికరం) పెట్టించండి. బీఎంఎస్‌ను బైపాస్ చేసి నడిపిస్తామనే వాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

సమస్య: ముసురు పడితే చార్జ్ నిండదు

ప్యానెల్ మీద టేకు కొమ్మల నీడ, కొత్తగా కలిపిన టీవీలు చూసుకోండి. ఆ రోజుల్లో ఫ్రిజ్, దీపాలు మాత్రమే ఉంచండి.

ముసురంటే నీళ్ల భయం కూడా. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. బ్యాటరీల స్టాండు కనీసం నడుము ఎత్తు ఉండాలి. మునిగిన లిథియం ప్యాక్ ఆరినట్టు కనిపించినా చార్జింగ్ పెట్టకండి, కంపెనీ మెకానిక్‌ను పిలిచి అతని చేతే ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టించండి.